ఏడో నంబరు పడవ

మద్రాసు,
14-2-1980.

అక్కా,

ఉద్యోగం ఖాయమైంది. నువ్వూ, బావగారూ, నా మేనకోడలు సుగుణా ముగ్గురూ కూచుని ఈ ఉత్తరం చదువుకోండి. నేను రాజోలులో ఇంటరు చదవడానికీ, అమలాపురంలో టైపు నేర్చుకోవడానికీ నువ్వు నెత్తిన మోసిన చేపల గంప వృథా పోలేదు. అమ్మ పోయినప్పుడు నాకు ఆరేళ్ళు. అప్పటినుంచీ నువ్వే అమ్మవి కాబట్టి మొదటి ఉత్తరం నీకే రాస్తున్నాను.

ఇది గవర్నమెంటు ఉద్యోగం కాదు. డబ్బున్న దేశాలు కొన్ని కలిసి, మనలాంటి దేశాల్లో సముద్రం మీద బతికేవాళ్ళకి సాయం చెయ్యడానికి పెట్టిన సంస్థ. పెద్దాఫీసు యూరపులో ఉంది. మద్రాసులో ఉన్నది చిన్నాఫీసు. నా పని టైపు చెయ్యడం, దొరలు మన తీరానికి వచ్చినప్పుడు వాళ్ళ మాట తెలుగులో మనవాళ్ళకీ, మనవాళ్ళ మాట ఇంగ్లీషులో వాళ్ళకీ చెప్పడం. ఇంతమంది చదువుకున్నవాళ్ళలో చేపల్లో నెత్తళ్ళకీ కవళ్ళకీ తేడా తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే. అందుకే నిన్ను తీసుకున్నామని హాన్సెన్ దొరగారు నవ్వుతూ అన్నారు. మంచి మనిషి. వాళ్ళ నాన్న కూడా చేపలు పట్టేవాడట.

అసలు సంగతి ఇది. ఈ సంస్థవాళ్ళు ఒక కొత్తరకం పడవ తయారుచేశారు. చెక్కది కాదు, ఫైబరుది. డీజిలు ఇంజను ఉంటుంది. తెడ్డు వెయ్యక్కర్లేదు, గాలి కోసం కాచుకోనక్కర్లేదు. తీరంలో పది ఊళ్ళు ఎంచి ఊరికొకటి ఇచ్చి చూస్తారు. మన ఇసకరేవు పేరు నేనే చెప్పాను. వచ్చే నెల దొరగారితో నేనూ వస్తాను, ఒక్క పూటే. ఆ రోజు బావగారిని వేటకు వెళ్ళొద్దని చెప్పు. పులుసులో కారం తగ్గించు, దొరగారు తట్టుకోలేరు.

నీ చేతిలో పెరిగిన
లోవరాజు

---

ఇసకరేవు,
26-3-1980.

తమ్ముడూ,

మీ జీపు వెళ్ళిన దగ్గర్నుంచీ ఊళ్ళో సగం మంది మా అరుగు మీదే ఉన్నారు. దొర చాప మీద కూచుని చేత్తో తిన్నాడని ఒకటే చెప్పుకుంటున్నారు. నువ్వు ఇంగ్లీషు మాట్లాడుతుంటే సుగుణ తలుపు చాటునుంచి నోరు తెరుచుకుని చూసింది. నాకైతే ఒక్క ముక్క అర్థం కాలేదు గాని, కడుపు నిండిపోయింది.

అయితే అందరి కళ్ళూ ఒకలా లేవు. బుచ్చిరాజు పెళ్ళాం నీళ్ళ దగ్గర కనబడి, "నీ తమ్ముడు నీ మొగుడికే పడవ ఇప్పించుకున్నాడంట కదా వదినా. మా ఆయన ఏం పాపం చేసేడు?" అంది. ఏం చెప్పను? "వాళ్ళు ఎవరికియ్యాలో వాళ్ళకి ఇస్తారమ్మా" అని వచ్చేశాను.

మీ బావ రెండు రోజులు రేవులో మన నావ చుట్టూ తిరిగి చేత్తో తడిమి వచ్చాడు. నిన్న మలికిపురం నుంచి కొబ్బరికాయల వర్తకుడు ఒకాయన వచ్చాడు. కాలవలో కాయలు దాటించుకోవడానికి నావ కావాలట. "కొత్తదొచ్చేక పాతదెందుకే, కుళ్ళబెట్టుకుంటామా" అంటున్నాడు మీ బావ. నాకు మనసొప్పడం లేదు. అది మా మావయ్యగారు కట్టించింది. నువ్వేమంటావో రాయి. ఇశ్రాయేలు కూడా అమ్మొద్దనే అంటున్నాడు. పన్నెండేళ్ళుగా ఆ నావలో మీ బావకి ఎదురు కూచుని తెడ్డు వేసినవాడు గదా, వాడి మాటా వినాలి.

వేళకి తింటున్నావా? అక్కడ చేపలు ఎవరు వండుతారు?

మీ అక్క
మంగాయమ్మ

---

మద్రాసు,
21-4-1980.

అక్కా,

దొరగారితో ఒరిస్సా తీరం వెళ్ళి నిన్న తిరిగొచ్చాను. వచ్చేసరికి నీ ఉత్తరం నా బల్ల మీద ఉంది. అందుకే ఆలస్యం.

నావ అమ్మొద్దు. నేనే సరిగా చెప్పలేదేమో. ఆ పడవ మనకి ఇచ్చెయ్యడం కాదు. రెండేళ్ళు నడిపి చూడ్డానికి ఇస్తారు. పడవ సంస్థదే. రెండేళ్ళయ్యాక అది బాగా నడిచిందని తేలితే అప్పు మీద కొనుక్కోవచ్చు. లేకపోతే తీసుకుపోతారు. బావగారికి ఈ సంగతి ఆ రోజే చెప్పాననుకున్నాను.

వెంటనే జవాబు రాయి.

లోవరాజు

---

ఇసకరేవు,
11-1-1981.

తమ్ముడూ,

చాలా రోజులైంది రాసి. నీ ఉత్తరం వచ్చేసరికే నావ కాలవెక్కి వెళ్ళిపోయింది. ఆ సంగతి అప్పుడు రాస్తే నువ్వు బాధపడతావని మీ బావ రాయనివ్వలేదు. అయిపోయినదానికి ఇప్పుడు ఏమీ అనకు.

పడవ అక్టోబరులో లారీ మీద వచ్చింది. తెల్లగా పింగాణీ గిన్నెలా ఉంది. పక్కన 7 అని నీలం రంగుతో రాసి ఉంది. పసుపు రాసి, కొబ్బరికాయ కొట్టి, మీ బావా ఇశ్రాయేలూ దింపారు. ఇంజను చప్పుడుకి పిల్లలంతా ఒడ్డున పరిగెత్తారు.

రొయ్య బాగా పడుతోంది. ఇదివరకు వెళ్ళలేనంత దూరం వెళుతున్నారు. కాకినాడ నుంచి ఐసు వ్యాను వచ్చి రేవులో నిలబడుతుంది. పడవ ఒడ్డుకి తగలగానే టైగరు రొయ్య ఏరి, తూకం వేసి, ఐసులో పెట్టి పట్టుకుపోతారు. ఆ రొయ్య ఓడెక్కి జపాను వెళుతుందట. వ్యాను అతన్ని నేను అడిగాను, "అంత దూరం వెళ్ళి ఎవరు తింటారు బాబూ?" అని. "తినగలిగినోళ్ళు తింటారండి" అన్నాడు.

ఇంట్లో నాలుగు డబ్బులు ఆడుతున్నాయి, కాదనను. పైన రేకులు వేయించాం. కానీ తమ్ముడూ, చిన్న చేప ఒడ్డుకి రావడం లేదు. పడవలో చోటు రొయ్యకే సరిపోతుందని మిగిలిందంతా అక్కడే నీళ్ళలో పారబోసి వస్తున్నారు. కాకినాడ వైపు నుంచి పెద్ద మరపడవలు కూడా వచ్చి మన వలల మీదుగానే లాక్కుపోతున్నాయి. మొన్న సుగుణకి జ్వరం తగ్గాక నాలుగు నెత్తళ్ళు పులుసు పెడదామంటే ఊరంతా వెతికినా దొరకలేదు. చివరికి కందిపప్పు కాచి పోశాను.

నేనూ, సత్యనారాయణమ్మా, మిగతా ఆడవాళ్ళమూ మలికిపురం వెళ్ళడం మానేశాం. గంపలో వేసుకోవడానికి ఏముంది? రోజూ అరుగు మీద ఖాళీగా కూచుంటున్నాను. మీ బావ ఒడ్డుకి వచ్చి డబ్బులు చేతిలో పెడితే ఎవరో పరాయివాడి దగ్గర తీసుకున్నట్టుంటుంది. అలా అనకూడదు గాని, ఉంటుంది.

నీ పెళ్ళి మాట ఎత్తితే తప్పించుకుంటున్నావు.

మీ అక్క
మంగాయమ్మ

---

మద్రాసు,
2-2-1981.

అక్కా,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. గంప మోయకుండా అరుగు మీద ఖాళీగా కూచుంటున్నానని రాశావు చూడు, ఆ మాటకి నా కళ్ళు చెమర్చాయి. ఇన్నేళ్ళకి నీ మెడకి విశ్రాంతి దొరికింది.

దొరగారికి చెబితే ఎంతో సంతోషించి, ఆ మాట రిపోర్టులో చేర్చమన్నారు. "యాంత్రిక పడవ వచ్చాక స్త్రీల శ్రమ తగ్గింది" అని నేనే టైపు చేశాను. సాయమిచ్చే దేశాలవాళ్ళు ఇలాంటివే వినాలనుకుంటారు. బావగారి ఫొటో కూడా ఒక పుస్తకంలో వేశారు. నున్నటి కాగితం, రంగుల బొమ్మ. ఏడో నంబరు పడవ ముక్కు మీద చెయ్యి వేసి నిలబడ్డారు. ఒక కాపీ పంపుతున్నాను. యూరపులో పెద్దాఫీసు గోడ మీద అదే బొమ్మ పెద్దది చేసి పెట్టారట. మన ఇసకరేవు మనిషి అక్కడ గోడ మీద ఉన్నాడంటే నమ్మగలవా?

చిన్న చేప సంగతి ఎవరికైనా చెప్పి చూస్తాను.

నీ
లోవరాజు

---

ఇసకరేవు,
8-8-1981.

తమ్ముడూ,

నా శ్రమ తగ్గిందని నేను ఎప్పుడు రాశాను? పని పోయిందని రాశాను. రెండూ ఒకటేనా? మలికిపురంలో నా గంప కోసం ఎదురుచూసే ఇళ్ళు పదిహేను ఉండేవి. ఇప్పుడు ఎదురుపడితే, "ఏం మంగాయమ్మగారూ, మమ్మల్ని మర్చిపోయేరు" అంటున్నారు. ఆ రాసింది కొట్టెయ్యి.

ఇప్పుడు అసలు గోడు. పడవ మే నెల నుంచీ ఒడ్డునే ఉంది. ఇంజనుని చల్లబరిచే నీళ్ళ పంపు విరిగింది. మీ ఆఫీసుకి మీ బావ మూడు కార్డులు రాయించాడు. వస్తుంది, వస్తుంది అంటున్నారు. నావ లేదు, పడవ నడవదు. రేకుల ఇంటి ఆసామి ఇప్పుడు బుచ్చిరాజు వల లాగడానికి కూలికి వెళుతున్నాడు. లాగినవాళ్ళందరికీ పంచగా వచ్చే గుప్పెడు చేపలు తువ్వాల్లో మూటగట్టుకుని వస్తాడు. ఆ తువ్వాలు విప్పుతూ నా మొహం చూడడు.

రాజోలులో లేతు మిషను పెట్టుకున్న వరప్రసాదం వచ్చి పంపు విప్పి చూశాడు. "ఇదేం బ్రహ్మవిద్య కాదండి. ఇత్తడిలో తిప్పి ఇస్తాను. వారంలో పడవ నీళ్ళలో ఉంటాది" అన్నాడు. మీ బావ ఒప్పుకోలేదు. "పడవ మనది కాదండి. లోవరాజు చెప్పకుండా చెయ్యెట్టకూడదు. ఆడి ఉద్యోగానికి మాటొస్తాది" అన్నాడు. అదీ మీ బావ. నువ్వు సరేనంటే రేపే చేయిస్తాం. నువ్వు అంత పెద్దాఫీసులో ఉండి ఈ చిన్న పంపు ఇప్పించలేవా?

జవాబు కోసం చూస్తుంటాను.

మంగాయమ్మ

---

మద్రాసు,
2-10-1981.

అక్కా,

నేను ఆఫీసరుని కాను. నాలుగో బల్ల దగ్గర కూచునే టైపిస్టుని. నేను చెబితే జరుగుతుందని నువ్వు అనుకుంటున్నావు. నేనూ ఇన్నాళ్ళూ అలాగే అనుకునిచ్చాను. తప్పు నాదే.

పంపు సంగతి కనుక్కున్నాను. ఇంజను ఇచ్చింది సాయమిచ్చిన దేశం. ఏ చిన్న మర కావాలన్నా ఆ దేశంలోనే కొనాలని ఒప్పందంలో ఉంది. ఆ ఫాక్టరీ వేసవి సెలవులకి మూసి, తెరిచి, ఓడలో వేసి పంపాలి. బొంబాయిలో కస్టమ్సు దాటాలి. సాయమిచ్చిన డబ్బులో చాలా భాగం ఇంజన్లుగా, మరలుగా, నిపుణుల జీతాలుగా తిరిగి ఆ దేశానికే వెళుతుందని లెక్కలు టైపు చేస్తుంటే నాకు ఇప్పుడిప్పుడే తెలుస్తోంది. బయటి పంపు బిగిస్తే మాత్రం పడవని వెనక్కి తీసుకునే హక్కు సంస్థకి ఉంది. కాబట్టి వరప్రసాదంతో చేయించమని నేను రాయలేను.

ఇంకో మాట. నవంబరు ఇరవయ్యో తేదీన పెద్దాఫీసు నుంచీ, ఆ దేశం నుంచీ పెద్దలు ఇసకరేవు వస్తున్నారు. నడవని పడవలున్న ఊళ్ళని జాబితాలోంచి తీసేద్దామనే మాట నడుస్తోంది. ఆ రోజుకి ఏడో నంబరు నీళ్ళ మీద కనబడితే మంచిది. ఏదో ఒకటి చూడమని బావగారికి చెప్పు.

లోవరాజు

---

మద్రాసు,
9-12-1981.

అక్కా,

దినకార్యాలు అయ్యాక బయలుదేరి నిన్న పొద్దున ఇక్కడ దిగాను. ఇరవై రోజులు ఒకే ఇంట్లో ఉండి నీతో నాలుగు మాటలు మాట్లాడలేకపోయాను. బస్సెక్కేటప్పుడు సుగుణ నా సంచీ అందించి వెనక్కి తిరిగిపోయింది.

బావగారు గోదావరి సముద్రంలో కలిసే మొగ దగ్గర పడవ తిరగబడి పోయారన్న టెలిగ్రాం నవంబరు పదహారున అందింది. అప్పటినుంచీ రాజోలు చేరేదాకా ఏదో పొరపాటు పడి ఉంటారనే అనుకున్నాను. అంత ఈతగాడు. ఇశ్రాయేలు ఒడ్డెక్కి ఆయన ఎక్కలేకపోవడం ఏమిటి? శవం కూడా దొరక్క, ఆయన చొక్కా పెట్టి కర్మ చేశాం. ఇశ్రాయేలుని అడుగుదామంటే ఒళ్ళు తెలియని జ్వరంలో ఉన్నాడు.

ఇక్కడికి వచ్చేసరికి, ఒడ్డుకి కొట్టుకొచ్చిన ఇంజనుని మా మెకానిక్కు ఒకాయన విప్పి చూసి వెళ్ళాడని తెలిసింది. అందులో ఇత్తడి పంపు ఉందట. పెద్దల రాక రద్దయింది.

నేను డబ్బు పంపితే తీసుకో. తిప్పి పంపకు.

లోవరాజు

---

మద్రాసు,
20-6-1982.

అక్కా,

నేను రాసిన నాలుగు ఉత్తరాలకి జవాబు లేదు. మనియార్డరు తిరిగొచ్చింది. నీ కోపం న్యాయమే. ఎవరి దగ్గరో వినేకంటే నా దగ్గరే విను. రెండు సంగతులున్నాయి.

మొదటిది. చివరి రిపోర్టు తయారైంది. అందులో ఇసకరేవు గురించి మూడు వాక్యాలున్నాయి. "ఏడో నంబరు పడవ పోయింది. నడిపే వ్యక్తి అనుమతి లేని పంపు బిగించడం వల్ల ఇంజను ఆగి ప్రమాదం జరిగింది. పడవ నమూనాలో లోపం లేదు." బావగారి పేరు లేదు. అది టైపు చేసింది నేనే. చెయ్యనని లేచి వెళ్ళిపోవచ్చు. వెళ్ళలేదు. మూడు కాపీలు తీసి సంతకానికి పెట్టాను.

రెండోది అంతకంటే పాతది. దొరగారు మన అరుగు మీద కూచున్న రోజున కాగితం చూసి ఒక్కొక్క ప్రశ్న అడిగారు. ఈ పడవ మీ రేవుకి పనికొస్తుందా, రెండేళ్ళ షరతు సమ్మతమేనా, ఇలాంటివి. నేను తెలుగులో చెబుతుంటే బావగారు ప్రతిదానికీ "ఆయ్" అన్నారు. మన వైపు ఆయ్ అంటే వింటున్నానండి అని కూడా. పెద్దమనిషి ఎదురుగా ఉన్నప్పుడు కాదని చెప్పబోయే ముందు కూడా ఆయ్ అనే మొదలుపెడతాం. అది నాకు తెలుసు. దొరగారికి తెలియదు. నేను ప్రతి ఆయ్‌నీ ఒప్పుకోలుగా చెప్పాను. చివర్లో బావగారు, "ఆయ్, కానండీ, మా మొగ సంగతి..." అని ఏదో అనబోయారు. జీపు డ్రైవరు హారను కొట్టాడు. నేనే, "అది తరవాత మాట్లాడుకుందాం బావగారూ" అని లేచాను. మళ్ళీ ఎప్పుడూ మాట్లాడలేదు.

నేను ఆయన్ని మాట్లాడనిచ్చి ఉంటే ఆ పడవే వచ్చేది కాదేమో. నన్ను క్షమించమని అడగడం లేదు. తిట్టయినా ఒక ఉత్తరం రాయి.

లోవరాజు

---

ఇసకరేవు,
5-9-1982.

తమ్ముడూ,

కోపం వచ్చి రాయలేదనుకున్నావు. కోపం కాదు. ఒక సంగతి ఉంది. అది దాచిపెట్టి నీకు ఉత్తరం రాయలేను. రాస్తే నువ్వు తట్టుకోలేవు. అందుకని కలమే ముట్టుకోలేదు. ఇప్పుడు నువ్వు ఏదేదో తవ్వుకుని ఏడుస్తున్నావు కాబట్టి ఉన్నదున్నట్టు రాస్తున్నాను.

అక్టోబరులో నీ ఉత్తరం నేనే చదివి మీ బావకి వినిపించాను. పంపు బిగించొద్దు అన్నదాకా విని ఊరుకున్నాడు. పడవ నీళ్ళ మీద కనబడాలి, ఏదో ఒకటి చూడమను అన్న దగ్గర మళ్ళీ చదవమన్నాడు. చదివాను. "అంటే చేయించమనే గదే. పాపం ఆడు కాగితం మీద అలా రాయలేక ఇలా రాసేడు" అని పొద్దున్నే రాజోలు బస్సెక్కాడు. నీకు మాట రాకూడదనే, పెద్దలు రావడానికి అయిదు రోజులు ముందుగా పడవ నడిపి చూడ్డానికి మొగలోకి వెళ్ళాడు. ఆ రోజు గాలి బాగా లేదు. నేను వద్దన్నాను. ఇశ్రాయేలూ వద్దన్నాడు.

ఇదీ నేను దాచింది. నిన్ను ఏడిపించడానికి కాదు. దీనికంటే పెద్దది ఇంకొకటుంది, అది చెప్పాలంటే ఇది చెప్పాలి.

నువ్వు రాసిన మూడు వాక్యాలు ఇశ్రాయేలుకి చదివి వినిపించాను. జ్వరం తగ్గాక కూడా వాణ్ణి ఎవరూ ఏమీ అడగలేదు. మీ మెకానిక్కు ఇంజను చూసి వెళ్ళాడు గాని మనిషిని చూడలేదు. మీ బావని వాడు మాణిక్యం అనే అంటాడు గదా, వాడు చెప్పింది చెప్పినట్టు రాస్తున్నాను.

"ఇంజను ఆగలేదండి. ఆఖరుదాకా తిరుగుతానే ఉంది. ఇత్తడి పంపు నీళ్ళు కొడతానే ఉంది, నా కాళ్ళ మీదే పడతన్నాయి. మొగలో ఇసక మేట దగ్గర అల ఎదురొచ్చింది. మన చెక్క నావైతే బరువు మీద అలలోకి ముక్కెట్టి లేచేదండి. ఇది తేలిక. అల మీదకెక్కి నిటారుగా నిలబడి ఎనక్కి పడిపోయింది. మాణిక్యం దాని కింద ఉండిపోయేడు. మొదటి నెల్లోనే అన్నాడు, ఒరే ఇది లోతు సముద్రంలో బాగానే ఉంటాది గాని దీనికి మన మొగ పనికిరాదురా అని. ఎవరికి చెప్తామండి? అడిగినోళ్ళేరి?"

విన్నావా? మీ బావ తన చేతులతో చేసుకుని చావలేదు. వరప్రసాదం పంపు చంపలేదు. పాపం ఆ మనిషి ఇన్నాళ్ళూ నా కళ్ళబడలేక వీధి మారి వెళుతున్నాడు. నిన్న నేనే రాజోలు వెళ్ళి చెప్పాను. లేతు ఆపి, బల్ల మీద తల పెట్టుకుని ఏడ్చాడు.

ఆ రాసింది తప్పని నీ ఆఫీసులో చెప్పు. ఇశ్రాయేలు వేలిముద్ర వేసిన కాగితం ఇందులో పెట్టాను.

సుగుణ రొయ్యలు ఒలిచే షెడ్డులో పనికి వెళుతోంది. వ్యాను వచ్చి ఊళ్ళో పదకొండు మంది ఆడపిల్లల్ని తీసుకెళ్ళి వారానికి ఒకసారి దింపుతుంది. రోజంతా ఐసు నీళ్ళలో చేతులు పెట్టాలి. గోళ్ళ చుట్టూ తోలు ఊడిపోయింది. వద్దంటే వినదు.

మీ అక్క
మంగాయమ్మ

---

మద్రాసు,
19-1-1983.

అక్కా,

నీ ఉత్తరం చదివాక రెండు రోజులు ఆఫీసుకి వెళ్ళలేదు. ఏదో ఒకటి చూడమని రాసిన ఆ మాట గురించి నేను ఏం రాసినా తక్కువే. ఇక ఎత్తను.

ఇశ్రాయేలు చెప్పిందంతా ఇంగ్లీషులో పెట్టి కొత్త ఆఫీసరుగారికి ఇచ్చాను. హాన్సెన్ దొరగారు బదిలీ మీద వెళ్ళిపోయారు. ఈయన శ్రద్ధగా చదివారు. చదివి, "ఇది నిజమే కావచ్చు. కానీ రిపోర్టు అచ్చయి అన్ని దేశాలకీ వెళ్ళిపోయింది. పడవ మీద బీమా సొమ్ము కూడా వచ్చేసింది" అన్నారు. పడవకి బీమా ఉంది అక్కా. అందులో కూచున్న మనిషికి లేదు. ఆ కాగితాన్ని ఫైలులో పెట్టమన్నారు. పెట్టాను.

ఇంకొకటి తెలిసింది. మన తీరంలో పని ముగిసిందని ఈ పథకాన్ని ఆఫ్రికా పడమటి తీరంలో ఒక దేశానికి మారుస్తున్నారు. అదే నమూనా, నలభై పడవలు. అక్కడా నదులు సముద్రంలో కలిసే చోట్లే ఎంచారు. హాన్సెన్ దొరగారు అక్కడే ఉన్నారు. నాకు టైపూ ఇంగ్లీషూ కాక పడవ లెక్కలు కూడా వచ్చని నన్ను అక్కడికి గుమాస్తాగా పంపుతామన్నారు. జీతం పెరుగుతుంది.

నేను రాజీనామా టైపు చేసుకున్నాను. ఉగాదికి ముందే ఇచ్చేసి ఇసకరేవు వచ్చేస్తాను. చెక్క నావ ఒకటి చూడమని ఇశ్రాయేలుకి చెప్పు. వాడికి ఎదురు కూచుని నేను తెడ్డు వేస్తాను. ఈ చేతులతో ఆ టైపు మిషను మళ్ళీ ముట్టుకోలేను.

నీ తమ్ముడు
లోవరాజు

---

ఇసకరేవు,
3-2-1983.

లోవరాజూ,

నువ్వు రావద్దు.

నీకు తెడ్డు వెయ్యడం రాదు. పదేళ్ళప్పుడు నిన్ను నావ దింపి బడిలో వేసింది నేనే. ఇశ్రాయేలు ఇప్పుడు బుచ్చిరాజు నావలో వెళుతున్నాడు. నువ్వు వస్తే ఇక్కడ ఇంకొక నోటికి అన్నం వెతకాలి, అంతే. నేను కొబ్బరి పీచు కొట్టే పనికి వెళుతున్నాను. నా ఒక్కదానికి సరిపోతోంది.

నీకు అక్కడ కూచోవడం కష్టంగా ఉందని రాశావు. ఉండనీ. మీ బావ గురించి తప్పు రాసినప్పుడు ఆ గదిలో అది తప్పని తెలిసినవాడు ఒక్కడూ లేడు. నీకూ అప్పటికి తెలియదు. ఇప్పుడు తెలుసు. తెలిసినవాడు ఒక్కడున్నాడు, వాడు లేచి వచ్చేస్తానంటున్నాడు. రేపు ఆ దేశంలో నలభై మంది ఆ తేలిక పడవలు ఎక్కుతారు. వాళ్ళకీ పెళ్ళాలు ఉంటారు. నువ్వు ఇక్కడికి వచ్చి నా కాళ్ళ దగ్గర కూచుంటే వాళ్ళకి ఎవరు చెబుతారు?

నీ మాట ఎవరూ వినకపోవచ్చు. వినరనే నాకు తెలుస్తోంది. అయినా చెప్పు. మీ బావని నువ్వు చెప్పనివ్వని మాట ఇప్పుడు చచ్చేదాకా నువ్వే చెప్పాలి, వేరే దారి లేదు. నేను నిన్ను క్షమించానా అని అడిగితే, తెలియదు. కొన్ని రోజులు క్షమించినట్టుంటుంది. కొన్ని రోజులు తువ్వాలు మూట కళ్ళ ముందుకొస్తుంది.

ఆ రాజీనామా చింపెయ్. చింపినట్టు నాకు తెలిసేదాకా ఈ ఇంటినుంచి నీకు ఉత్తరం రాదు.

మంగాయమ్మ

---

మద్రాసు,
11-8-1983.

అక్కా,

ఫిబ్రవరిలోనే చింపేశాను. ఆ మాట రాయడానికి నాకు ఇన్ని నెలలు పట్టింది, ఎందుకంటే చింపినదానికి ఫలితం ఏమైనా ఉంటే కలిపి రాద్దామనుకున్నాను.

ఏప్రిల్లో ఇక్కడ పెద్ద సమావేశం జరిగింది. ఎనిమిది దేశాలవాళ్ళు వచ్చారు. నేను మూలన కూచుని వాళ్ళ మాటలు రాసుకునేవాణ్ణి. మధ్యాహ్నం నమూనా గురించి మాట వచ్చినప్పుడు లేచి నిలబడి, "అయ్యా, నాకు ఒక నిమిషం ఇవ్వండి" అన్నాను. బావగారి పేరు చెప్పాను. మాణిక్యాలరావు, ఇసకరేవు, రాజోలు తాలూకా. ఇశ్రాయేలు చెప్పింది చదివాను. అందరూ విన్నారు. ఒకావిడ ఏదో రాసుకుంది. అధ్యక్షుడు ధన్యవాదాలు చెప్పి టీకి లేవమన్నాడు. సమావేశం కాగితాల్లో నా మాట ఒక వాక్యమైంది: "అలల్లో పడవ నిలకడ గురించి ఒక ఉద్యోగి సందేహం వెలిబుచ్చారు." పేరు వెయ్యలేదు. పడవలు మాత్రం కడుతున్నారు. ఇరవై తయారయ్యాయట.

హాన్సెన్ దొరగారికి విడిగా రాశాను. ఆయన జవాబు రాశారు. బావగారు పోయినట్టు ఆయనకి ఎవరూ చెప్పలేదట. చాలా బాధపడుతున్నాననీ, నిర్ణయం తన చేతిలో లేదనీ రాశారు. అది నిజమే అయి ఉంటుంది. నేనూ ఒకప్పుడు నీకు అదే రాశాను.

సెప్టెంబరు మొదటి వారంలో బొంబాయి నుంచి బయలుదేరి ఆఫ్రికా వెళుతున్నాను. ఆపగలనని కాదు. వాళ్ళకి పడవ అప్పగించే రోజున అక్కడ ఉండాలని. సుగుణ చేతులకి మందు పంపాను, రాసుకోమను.

ఆ తీరంలో మాట్లాడే భాష వచ్చిన విద్యార్థి ఒకతను ఇక్కడ కాలేజీలో ఉన్నాడు. ఆదివారాలు అతని గదికి వెళ్ళి నేర్చుకుంటున్నాను. ముందు అంకెలూ, పలకరింపులూ చెబుతానన్నాడు. అవి తరవాత, ఒప్పుకోవడం లేదని అక్కడివాళ్ళు ఎదుటివాళ్ళకి గట్టిగా ఎలా చెబుతారో అది ముందు నేర్పమన్నాను.

లోవరాజు